తాళాలాయన ఫోను

పథకం చాలా చిన్నది. అతిథులు రావాలి, కూర్చోవాలి, కాఫీ తాగాలి, తమ కంప్యూటర్లకు ఆఫీసు నెట్ కలుపుకోవాలి, యంత్రాలు చూడాలి, మెచ్చుకోవాలి, వెళ్ళిపోవాలి. మేనేజరు దీన్ని ఉదయం నుంచి ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ "మెచ్చుకోవాలి" దగ్గర కాస్త ఆగాడు.

అది తూకం యంత్రాలు తయారుచేసే సంస్థ. కూరగాయలు తూచేవి చేసింది, లారీలు తూచేవి చేసింది, ఇప్పుడు కొత్తగా పసిపిల్లల్ని తూచేవి చేస్తోంది. బిడ్డను పడుకోబెడితే చాలు, బరువు దానంతటదే ఆసుపత్రి కంప్యూటరులోకి వెళ్ళిపోతుంది. ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు తమ శాఖలన్నిటికీ అవే కొంటామన్నారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. బయటినుంచి వచ్చినవాళ్ళకు ఈ ఆఫీసు తన నెట్‌వర్కులోకి ఎలా దారి ఇస్తుందో ముందు చూస్తామన్నారు. మీ ఇంటి తలుపే బార్లా తీసి ఉంటే మా పిల్లల వివరాలు మీ చేతికి ఎలా ఇస్తాం అని వాళ్ళ ప్రశ్న. ప్రశ్నలో తప్పేమీ లేదు.

ఆ తలుపు బాధ్యత కొత్తమ్మాయిది. ఉద్యోగంలో చేరి ఏడాది దాటినా ఆమె అందరికీ కొత్తమ్మాయే. ఆమె బల్ల మీద 'నెట్‌వర్కు ఇన్‌ఛార్జి' అన్న చిన్న పలక ఉంది. దాని మీదే 'తాత్కాలిక' అన్న మాట కూడా ఉంది. ఈ తనిఖీ గట్టెక్కితే ఆ మాట తీసేస్తామని మేనేజరు మాట ఇచ్చాడు. గట్టెక్కకపోతే పలకే తీసేస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు. కొన్ని సంగతులు మాట ఇవ్వకుండానే అర్థమవుతాయి.

"అంతా సిద్ధమేనామ్మా?" అన్నాడు మేనేజరు.

"సిద్ధమేనండీ. వాళ్ళు నెట్ కలుపుకోగానే ఒక పేజీ వస్తుంది. పేరు, ఫోన్ నంబరు, ఏం పని మీద వచ్చారు, ఎవర్ని చూడ్డానికొచ్చారు అని అడుగుతుంది. మీ పేరు కొడతారు. మీ ఫోనుకి మెసేజ్ వస్తుంది. మీరు 'సరే' నొక్కితే వాళ్ళకి నెట్ వస్తుంది. మీటింగ్ రూము తలుపు కోడ్ కూడా దాంతోనే వెళ్ళిపోతుంది."

"నేను నొక్కాలా?"

"మీ అతిథులు కదండీ."

"ఇంటికొచ్చిన పెద్దమనుషుల్ని గుమ్మంలో నిలబెట్టి, మీరెవరని అడిగి, ఆనక సరే అనడం ఏం మర్యాదమ్మా?"

"వాళ్ళు వచ్చేది ఆ మర్యాద చూడ్డానికేనండీ. అయినా రోజూ మీరు నొక్కుతున్నదే కదా."

"ఆఁ, అవుననుకో" అన్నాడు మేనేజరు. ఆయన ఇంతవరకు ఒక్కసారి కూడా నొక్కలేదు. అలాంటి మెసేజ్‌లు వస్తాయన్న సంగతే ఆయనకు అప్పుడు తెలిసింది.

ఆ ఏర్పాటంతా తాళాలాయన చేసిపెట్టింది. నెట్‌వర్కునూ, తలుపులు తెరిచే కార్డులనూ ఒక్కరే చూసుకునేవారు కాబట్టి ఆయనకు ఆ పేరు వచ్చింది. కొత్తమ్మాయికి పని నేర్పింది ఆయనే. "తాళం వేయడం ఎవరైనా వేస్తారమ్మా. ఎవరికి తియ్యాలో తెలియాలి" అనేవారు. ఎవరికైనా అతిథి వచ్చి, వాళ్ళు ఫోను చూసుకోకపోతే, కాసేపటికి ఆ మెసేజ్ తన ఫోనుకు వచ్చేలా పెట్టుకున్నారు. ఎవరూ చూసుకోరని ఆయనకు ముందే తెలుసు.

ఆయన పోయి కొన్ని నెలలైంది. ఆ నంబరు తీసేయాలని కొత్తమ్మాయి చాలాసార్లు పేజీ తెరిచింది. తెరిచినప్పుడల్లా, 'ఈ వ్యక్తిని తొలగించాలా?' అని కంప్యూటరు అడిగేది. ఎవరిని ఏం అడుగుతోందో దానికి తెలియదు. ఆమె 'వద్దు' నొక్కి పేజీ మూసేసేది. ఆ ఫోను ఈపాటికి ఏ బీరువాలోనో ఆగిపోయి ఉంటుందనుకుంది. వచ్చిన అతిథులకు నెట్ అందుతూనే ఉంది కాబట్టి, మేనేజరు శ్రద్ధగా నొక్కుతున్నాడనుకుంది. మేనేజరేమో ఆ పని యంత్రం చేసుకుపోతోందనుకున్నాడు. ఆమె ఆయన మీద, ఆయన యంత్రం మీద నమ్మకంతో నిశ్చింతగా ఉన్నారు.

అతిథులు ఇద్దరు వచ్చారు. పెద్ద తనిఖీదారు మాట్లాడటం తక్కువ, తలాడించడం ఇంకా తక్కువ. వెంట వచ్చిన సహాయకురాలు ఆయన మాట్లాడనివి కూడా రాసుకునే రకంగా కనిపించింది. మేనేజరు వాళ్ళను గాజు తలుపున్న మీటింగ్ రూములో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి, మర్యాదకు మారుపేరుగా ఒక పని చేశాడు.

"మీకంటే ముఖ్యమైన ఫోన్లు నాకేముంటాయండీ" అని, వాళ్ళ కళ్ళెదుటే తన ఫోను పూర్తిగా ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

గాజు తలుపు ఇవతలినుంచి కొత్తమ్మాయి ఇది చూసింది. తల లోపలికి పెట్టి, "సార్, మీ ఫోను..." అంది.

"తర్వాతమ్మా. పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నా కదా" అన్నాడు మేనేజరు నవ్వుతూ.

లోపల అతిథులు తమ వివరాలు కొట్టారు. 'అనుమతి కోసం వేచి ఉండండి' అని వచ్చింది. వేచి ఉన్నారు. కాఫీ అయిపోయింది. పెద్ద తనిఖీదారు ఖాళీ కప్పును చూశాడు. సహాయకురాలు ఏదో రాసుకుంది. మేనేజరుకు ప్రాణం చివుక్కుమంది.

"ఎందుకండీ ఇదంతా! పరాయివాళ్ళా మీరు? నా పాస్‌వర్డ్ కొట్టేస్తా, హాయిగా వాడుకోండి" అని సహాయకురాలి కంప్యూటరు తనవైపు తిప్పుకున్నాడు.

కంచే చేను మేయడం గురించి ఆమె విని ఉంటుంది. కంచె తనంతట తాను చేనుకు దారి చూపించడం ఆమె చూడటం అదే మొదటిసారి. రాసుకోవడం కూడా మరిచిపోయి చూస్తూ ఉంది.

మేనేజరు పాస్‌వర్డ్ కొట్టాడు. ఊరూ పేరూ తెలియని కంప్యూటరు నుంచి మేనేజరు పేరుతో ఎవరో రావడం నెట్‌వర్కుకు నచ్చలేదు. ఒప్పుకోలేదు. మళ్ళీ కొట్టాడు. పెద్ద అక్షరమో చిన్న అక్షరమో గుర్తుకు రాక ఇంకోలా కొట్టాడు. మూడు రకాలుగా కొట్టాక, మేనేజరు ఖాతా దొంగల చేతిలో పడిందని నెట్‌వర్కు నిర్ధారించుకుని దాన్ని మూసేసింది. ఖాతాతో పాటు ఆ మనిషి కార్డు కూడా పనిచేయకుండా తాళాలాయన ఎప్పుడో కట్టుదిట్టం చేసి ఉన్నారు.

"ఒక్క నిమిషం, మా అమ్మాయిని పిలుస్తా" అని మేనేజరు బయటికి వచ్చాడు. వెనక గాజు తలుపు మెత్తగా మూసుకుంది. కొత్తమ్మాయిని పిలిచి, వెనక్కి తిరిగి, కార్డు తలుపుకు ఆనించాడు. తలుపు ఎర్రదీపం చూపింది. మళ్ళీ ఆనించాడు. కార్డును చొక్కాకు తుడిచి ఆనించాడు. లోపలి ఇద్దరూ చూస్తుండటంతో వాళ్ళవైపు చెయ్యి ఊపాడు.

"ఏంటమ్మా ఇది? తియ్యి."

"మీ ఖాతా లాకైందండీ."

"నీ కార్డుతో తియ్యి."

"ఒకరి కార్డుతో ఇంకొకర్ని పంపకూడదండీ. వాళ్ళు చూస్తున్నారు."

"నేను మేనేజర్నమ్మా!"

"నాకు తెలుసండీ. తలుపుకి తెలీదు."

మేనేజరు గొంతు తగ్గించాడు. "పోనీ ఆ లాకు తీసెయ్యి."

"దానికి మేనేజరు అనుమతి కావాలండీ."

"ఇస్తున్నా కదా!"

"ఫోన్లోంచి ఇవ్వాలి. లాకైన ఖాతాలోంచి ఇస్తే చెల్లదు. పర్మనెంటు ఇన్‌ఛార్జి అయితే ఎవర్నీ అడక్కుండా తీసెయ్యొచ్చు." కొత్తమ్మాయి ముఖంలో ఏ భావమూ లేదు. "నేను తాత్కాలికం కదండీ."

మేనేజరు ఆ మాట విననట్టు గోడవైపు చూశాడు. "ఇంకో దారి?"

"అతిథిగా రావచ్చండీ."

"ఎవరి అతిథిగా? నీ పేరు రాసుకోనా?"

"తాత్కాలిక ఉద్యోగులకి అతిథులు ఉండకూడదని రూలు. మీరే పెట్టారు."

గోరుచుట్టు మీద రోకటిపోటులా, అప్పుడే హాలులోంచి సందడి వినబడింది. మేనేజరు తొంగి చూశాడు. చేతిలో పనిముట్ల సంచి పట్టుకున్న ఒక మనిషి గోడలవైపు చూస్తూ నడుస్తున్నాడు. ఆయన వెనక సగం ఆఫీసు నడుస్తోంది. కొందరు తమ బల్లలు జరుపుకుంటున్నారు. ఒకాయన, "ఇక్కడ పెడితే గాలి ఇటు వస్తుందా?" అని అడుగుతున్నాడు. రిసెప్షనిస్టు స్వయంగా కాఫీ పట్టుకుని వెంట తిరుగుతోంది.

"ఎవరాయన?"

"ఏ.సి. మెకానిక్ అటండీ" అంది రిసెప్షనిస్టు, మేనేజరువైపు మొదటిసారి కృతజ్ఞతగా చూస్తూ. "నెట్ కూడా కావాలన్నారు, మీ పేరు కొట్టుకోమన్నా. ఇన్నాళ్ళకి మా మొర విన్నారు సార్."

మేనేజరు ఎవరి మొరా వినలేదు. కానీ కృతజ్ఞత వచ్చినప్పుడు కాదనే అలవాటు ఆయనకు లేదు. "సరే సరే, పని చూడండి" అని తన ఇబ్బందికి తిరిగి వచ్చాడు.

ఈలోగా గాజు తలుపు అవతల పెద్ద తనిఖీదారు ఫోను మోగింది. ఆయన ఎత్తాడు. ముందు కనుబొమలు ముడిచాడు. తర్వాత కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. చూస్తుండగానే, పాఠం అప్పజెపుతున్నవాడిలా ఒక్కో మాటా ఒత్తి పలకసాగాడు. ఆయన పెట్టేయగానే సహాయకురాలి ఫోను మోగింది. ఆమె లేచి నిలబడి మాట్లాడింది.

"ఎవరితో మాట్లాడుతున్నారు వీళ్ళు?" అన్నాడు మేనేజరు.

కొత్తమ్మాయి చేతిలోని కంప్యూటరు వైపు చూసింది. "నెట్ వచ్చేసిందండీ ఇద్దరికీ."

"హమ్మయ్య! ఎవరిచ్చారు?"

కొత్తమ్మాయి తెర మీది పేరు ఒకసారి చదివింది. రెండోసారి చదివి గోడకు ఆనుకుంది.

"తాళాలాయనండీ."

మేనేజరు కూడా ఆ తెరవైపు వంగి చూశాడు.

"ఆయన పోయారు కదమ్మా."

"అవునండీ."

"మరి?"

"ఇచ్చారండీ."

మెకానిక్ విసవిసా నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో కాఫీ కప్పు అలాగే ఉంది. "ఏం ఆఫీసండీ మీది! ఎవరో ఆవిడ ఫోన్ చేసి, ఏ.సి. బాగుచేసేవాడికి నెట్ ఎందుకు నాయనా అంటుంది. ఏ గదిలో పాడైందీ అంది. ఏదో గది చెప్పా. 'ఆ ఆఫీసులో ఏ.సి. ఎక్కడుంది? ఎండాకాలమంతా మావారు తడి తువ్వాలు మెడకేసుకుని పనిచేశారు, తప్పుడు అడ్రసుకొచ్చావేమో చూసుకో' అని పెట్టేసింది!"

మేనేజరు పైకి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. హాలులో బల్లలు జరుపుతున్న చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

"మావారు అందా?" అంది కొత్తమ్మాయి. ఆమెకు అర్థమైంది. తాళాలాయన భార్య ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన టీచరమ్మ. ఫోను బీరువాలో ఆగిపోలేదు. ఇన్ని నెలలుగా ఈ ఆఫీసు గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళను అడుగుతున్నది ఆమె.

అది చెప్పేలోపే మేనేజరు తన ఫోను మళ్ళీ ఆన్ చేసి, అతిథి పేజీలో తన పేరు కొట్టేశాడు. 'ఎవరిని చూడటానికి వచ్చారు?' దగ్గర కాసేపు తటపటాయించి, తనకు తెలిసిన ఒకే ఒక్క మేనేజరు పేరు కొట్టాడు. ఆ మెసేజ్ మూసుకుపోయిన ఆయన ఖాతా తలుపు తట్టి, పలికేవాళ్ళు లేక, ముందుకు సాగింది. ఫోను మోగింది.

"హలో. లోపలికి వెళ్ళాలని అడిగింది మీరేనా?"

"అవును. మీరెవరండీ?"

"నేనడుగుతాను, మీరు చెప్పండి. ఎవరి కోసం వచ్చారు? మేనేజరు అని ఉందే ఇక్కడ."

"నేనే మేనేజర్నండీ."

"మేనేజర్ని చూడ్డానికి వచ్చానన్నారు."

"అవునండీ."

"మీరే మేనేజరునంటున్నారు."

"అవునండీ."

"అంటే మిమ్మల్ని మీరే చూసుకోడానికి వచ్చారు."

మేనేజరు గాజు తలుపులో తన బొమ్మ చూసుకున్నాడు. కాదనడానికి వీల్లేకపోయింది.

"నేను ఒకటో తరగతి చెప్పినదాన్ని బాబూ" అంది టీచరమ్మ. "బడి వదలగానే మామయ్యనంటూ, బాబాయినంటూ ఎవరెవరో వచ్చి పిల్లని పంపమనేవాళ్ళు. పిల్ల గుర్తుపడితేనే చెయ్యి వదిలేదాన్ని. నేనే మేనేజర్నంటే ఎట్లా నమ్మేది? మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అక్కడ?"

మేనేజరు చుట్టూ చూశాడు. ఏ.సి. లేదని అప్పుడే గుర్తొచ్చిన హాలులో ఆయనను గుర్తుపట్టే ముఖం ఒక్కటీ కనబడలేదు. ఫోను కొత్తమ్మాయికి ఇచ్చాడు.

"అమ్మా, నేనండీ."

"కొత్తమ్మాయివా? తిన్నావా తల్లీ?" ఆ ఇంట్లో కూడా ఆమెకు అదే పేరు.

"ఇంకా లేదమ్మా. మీరు... ఇన్నాళ్ళూ మీరే ఇస్తున్నారా?"

"మరి ఇంకెవరిస్తారు? ఆసుపత్రిలో ఉన్నప్పుడే చెప్పారాయన, ఎవరో కనుక్కోకుండా సరే అనొద్దని. ఆ ఫోను ఇప్పుడు ఎవరికీ అవసరం లేదమ్మా. ఒక్క మీ ఆఫీసే ఇంకా ఆయన్ని అడుగుతోంది. అందుకే ఛార్జింగ్ పెట్టి ఉంచుతున్నా."

నంబరు తీసేయాలనుకున్న సంగతి కొత్తమ్మాయి చెప్పలేదు.

"సరే గానీ, ఈయన మేనేజరేనా?"

కొత్తమ్మాయి మేనేజరును చూసింది. దూరంగా తన బల్ల మీది పలకను చూసింది. మళ్ళీ మేనేజరును చూసింది.

"మేనేజరే అమ్మా" అంది చివరికి.

ఆ కాస్త ఆలస్యం మేనేజరుకు చాలాకాలం గుర్తుండిపోయింది.

ఫోను మళ్ళీ ఆయన చేతికి వచ్చింది. "ఏమనుకోకండి బాబూ" అంది టీచరమ్మ. "ఆయన పోయినప్పుడు ఆఫీసువాళ్ళందరూ పలకరించడానికొచ్చారు. ఒక్కొక్కరి గొంతూ నాకు తెలుసు. మీరు రాలేదు. అందుకే పోల్చుకోలేకపోయా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. హాజరు పిలిచేటప్పుడు రానివాడి పేరు పక్కన గీత పెట్టినంత మామూలుగా అంది.

"పనుల్లో ఉండి..." అన్నాడు మేనేజరు.

"ఉంటాయి. పెద్ద ఉద్యోగం. లోపల ఎంతసేపుంటారు?"

"సాయంత్రం దాకానండీ. రోజూ ఉంటాను."

"ఇవాళ్టికి ఇస్తున్నా. రేపటి సంగతి రేపడగండి."

కోడ్ వచ్చింది. మేనేజరు కొట్టాడు. తలుపు పచ్చదీపం చూపింది. తన ఆఫీసులోకి తాను అతిథిగా ప్రవేశించాడు. కొత్తమ్మాయి తన కార్డుతో విడిగా వెళ్ళింది. వెనకాలే మెకానిక్ వచ్చి గాజు తలుపు మీద వేలితో కొట్టాడు. పెద్ద తనిఖీదారు, మేనేజరు కోసం అంతసేపూ ముట్టుకోని మీటను లోపలినుంచి నొక్కి తీశాడు.

"ఈయన మావాడే" అన్నాడు. "దొంగగా వచ్చి చూడమన్నాం. మీ ఆఫీసు కాఫీ ఇచ్చి ఊరేగించింది."

మేనేజరు మెకానిక్ చేతిలోని కాఫీ కప్పువైపు చూశాడు.

"మీరు పాస్‌వర్డ్ ఇవ్వబోయారు. అదీ రాసుకున్నాం. అంతవరకే అయితే ఇప్పటికి వెళ్ళిపోయేవాళ్ళం." తనిఖీదారు కప్పు పక్కకు జరిపాడు. "కానీ చాలా ఆఫీసులు చూశాను. మేనేజర్ని బయట నిలబెట్టిన ఆఫీసు ఇదే. మీరు తలుపు బయట అంతసేపు చెయ్యి ఊపుతున్నా, ఈ అమ్మాయి తియ్యలేదు. ఆ ఫోను చేసినావిడ ఎవరు?"

మేనేజరుకు ప్రాణం లేచి వచ్చింది. "అది మేం ప్రత్యేకంగా పెట్టుకున్న ఏర్పాటండీ. చాలా ఆలోచించి..."

"ఏర్పాటు కాదండీ" అంది కొత్తమ్మాయి.

మేనేజరు ఆమెను చూసిన చూపుకు మామూలుగా అయితే పలక కూడా పగలాలి.

"ఆవిడ మా ఉద్యోగి కాదు. నాకు ముందు పనిచేసినాయన భార్య. ఆయన పోయారు. ఆ నంబరు నేను తీసెయ్యాల్సింది. తియ్యలేదు. తప్పు నాది."



"ఎందుకు తియ్యలేదు?" అన్నాడు పెద్ద తనిఖీదారు.

కొత్తమ్మాయి తన చేతిలోని కంప్యూటరు మూసింది. "ఈ వ్యక్తిని తొలగించాలా అని అడుగుతుందండీ" అంది.

పెద్ద తనిఖీదారు తలాడించాడు. ఆ రోజుకు అదే మొదటిది. సహాయకురాలు కలం తీసి, ఏమీ రాయకుండా మూత పెట్టేసింది.

"బయటి మనిషి చేతిలో తాళం ఉండటం పెద్ద లోపం" అన్నాడాయన లేస్తూ. "ఈ లోపంతో మా పిల్లల వివరాలు మీకివ్వలేం. అయితే తాళం తీసేసుకోవడం ఒక పద్ధతి. ఆవిడని లోపలి మనిషిని చెయ్యడం ఇంకో పద్ధతి. రెండోది చేస్తే యంత్రాలు పంపండి." గుమ్మం దగ్గర ఆగాడు. "ఎప్పుడు వెళ్తావు, ఎలా వెళ్తావు, దారిలో జాగ్రత్త అంది నాతో. ఈమధ్య మా ఇంట్లో కూడా ఎవరూ అడగడం లేదు."

వాళ్ళు వెళ్ళిపోయారు. మెచ్చుకోవడం పథకంలో ఉన్న చోట జరగలేదు గానీ, జరిగింది.

కొత్తమ్మాయి పలక మీది 'తాత్కాలిక' అన్న మాటను ఆ వారంలోనే గీకేశారు. కాస్త మచ్చ మిగిలింది. ఆమె అభ్యంతరం చెప్పలేదు. పర్మనెంటు కాగానే ఆమె చేసిన మొదటి పని మేనేజరు లాకు తీయడం. అంతవరకు ఆయన ప్రతి ఉదయం ఫోన్లో ఎవరికో తన క్షేమ సమాచారాలు చెప్పి లోపలికి వచ్చేవాడు. ఆ తర్వాత ఆ పేజీ తెరిచింది. 'ఈ వ్యక్తిని తొలగించాలా?' అని కంప్యూటరు ఎప్పటిలాగే అడిగింది. ఆమె 'వద్దు' నొక్కింది. కింద ఉన్న ఖాళీలో టీచరమ్మ పేరు చేర్చి, నంబరు మాత్రం అదే ఉంచింది.

టీచరమ్మను అతిథుల అనుమతి అధికారిణిగా, ఇంటినుంచే పనిచేసేలా నియమించారు. ఆ ఉత్తరువు పోస్టులో పంపవచ్చు. కానీ మేనేజరు తానే తీసుకువెళతానన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇల్లు ఆఫీసుకు దగ్గరే. నడిచి వెళ్ళేంత దగ్గరని తెలిసినప్పుడు ఆయన కారు తాళాలు తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

తలుపు కొట్టాడు. "ఎవరూ?" అని లోపలినుంచి వినబడింది. మేనేజరు చొక్కా సర్దుకుని, తన పేరు, వచ్చిన పని, ఎంతసేపు ఉండేదీ వరసగా చెప్పి, గుర్తుపట్టడానికి కొత్తమ్మాయిని కూడా వెంట తెచ్చుకున్నానని చెప్పాడు.